వెనుకబడిన విద్యార్థికి చేయూత
(గ్రంథాలయ రజతోత్సవోపన్యాసము)



ఐదవ తరగతి బాలునకు రెండవ తరగతి వాచకము చదువ రానిచో దోషమెవరిది? బాలుని బుద్ధిమాంద్యమని కొందరందురు. ఇంటివారి అశ్రద్ధయని కొందరందురు. ఈ వాదము తెగులోపల బాలుడే బడి మానును. వానిని అదే తరగతిలో నిలిపినను, పై తరగతికి నెట్టినను, రాని అక్షరము రాదు.

పూర్వపు వీథిబడులు ఈ చిక్కును కొంతవరకు గుర్తించినవి. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన నివేదికలో 533 బడులను లెక్కించెను. వానిలో 226 తెలుగు బడులు. పిల్లలను శక్తినిబట్టి తరగతులుగా విభజించెడివారనియు, క్రింది తరగతులను కొంతవరకు పెద్ద విద్యార్థులును, పై తరగతులను గురువును చూచెడివారనియు వ్రాసెను. అర్థమెరుగక పద్యములు వల్లించు లోపమును ఆయన దాచలేదు.

ఇటీవలి ప్రయత్నములును ఈ మార్గముననే నడచినవి. వడోదర, ముంబయి నగరములలో ప్రథమ్ సంస్థ వెనుకబడిన పిల్లలకు దినమునకు కొంతసేపు స్థానిక యువతులచే వేరుగా చదువు చెప్పించెను. దాని ఫలితములను పరీక్షించి మేలు కలిగినదని తేల్చినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో 2019లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము నందిరి. తెలుగునాట వెంకటరంగయ్య ఫౌండేషన్ పనులనుండి విడిపించిన పిల్లలకు శిబిరములలో చదువు నేర్పి, వయస్సుకు తగిన తరగతులలో చేర్చినది. ఆ సంస్థకు సారథ్యము వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసేసే పురస్కారము లభించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము, ఆలస్యముగా బడిలో చేరిన పిల్లలకు ప్రత్యేక శిక్షణను హక్కుగా నొసగినది.

ఈ సాయమునకు మూడు మెట్లు గలవు. మొదటిది తరగతిలో అందరికిని మంచి బోధన. దానితో చాలనివారికి నలుగురైదుగురి జట్టుగా అదనపు పాఠము రెండవది. అప్పటికిని తడబడువానికి ఒంటరిగా బోధన మూడవది. వాని చూపును, వినికిడిని కూడ పరీక్షింపించవలెను. పక్షమున కొకసారి చదివించి చూచి, కోలుకొన్నవానిని వెంటనే పై మెట్టునకు పంపవలెను. లేనిచో జట్టు చేయూత గాక ముద్రయగును.

రోలుగుంట వంటి గ్రామములలో తలిదండ్రులు ప్రొద్దువేళ పొలమున నుందురు; సాయంకాలము దగ్గర కూర్చుండి చదివించువారు అన్ని యిండ్లను ఉండరు. ఆ కొరత తీర్చుటకు గ్రంథాలయము తగిన తావు. చదువు వచ్చిన యువకులు దినమునకొక గంట, పెద్దయక్షరముల బొమ్మల పుస్తకములు కొన్ని, ఒక చాప చాలును. తప్పు చదివిన బాలుని నవ్వని పెద్దలు కావలెను.

బీరువాలో పుస్తకములు పెరుగుట సంతోషమే. వానిని తెరువగల పిల్లలు పెరుగుట యంతకన్న ముఖ్యము.