మెమరీ చాలదన్న మాటకు అర్థమేమి?

గాదెలో ధాన్యము పోసి ఉంచుట ఒక ఎత్తు. అవసరమైననాడు దానిని బయటికి తీయగలుగుట మరియొక ఎత్తు. కంప్యూటరులో దాచుకొను బ్యాకప్ విషయము కూడ ఇంతే.

మా కేంద్రమున పాత ప్రసంగములు, నాటికలు, కచేరీలు మొదలగు ధ్వనిముద్రణలకు ఒక పట్టిక కలదు. ఏ టేపు ఏ బీరువాలో ఉన్నదో చెప్పునది అదియే. అది పోయినచో టేపులుండియు లేనట్లే. దానిని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేస్‌లో ఉంచినాము. 1986లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్య మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున ఆరంభమైన కృషి 1996లో ఈ పేరు దాల్చినది.

ఒకనాడు మా సర్వరు డిస్కు చెడినది. బ్యాకప్ ఉన్నది గదా యని ధైర్యముగా ఉంటిమి. క్రొత్త యంత్రముపై దానిని తిరిగి ఎక్కించుచుండగా, మెమరీ చాలదని చెప్పి పని నడుమ నిలిచిపోయినది. వెంటనే మెమరీని రెట్టింపు చేయించితిమి. మరునాడును అదే మాట!

అప్పుడుగాని ఆ సందేశమును పూర్తిగ చదువలేదు. చాలనిది యంత్రపు మెమరీ కాదు, 'షేర్డ్ మెమరీ' అని అందున్నది. 'మాక్స్ లాక్స్ పర్ ట్రాన్సాక్షన్' అను కొలతను పెంచుమని క్రింది పంక్తిలో సూచన కూడ ఉన్నది. ఆ పంక్తిని మేము చూడనేలేదు.

దీని మర్మమేమి? తాళపుచెవులు తగిలించు బల్లను ఊహించుకొనుడు. దానికి మేకులు పరిమితము. పని అంతయు ఒకే లావాదేవీగా జరుగవలెనని మేము ఆజ్ఞ ఇచ్చితిమి. అట్టి ఆజ్ఞలో, సృష్టించిన ప్రతి పట్టికకు, ప్రతి సూచికకు ఒక్కొక్క తాళము చివరివరకు నిలిచియుండును. మామూలుగా ఆ కొలత 64. ఒకేసారి అనుమతించు సంబంధములు 100. ఈ రెంటిని గుణించినచో సుమారు 6,400 తాళములకు చోటు. నెలకొకటి చొప్పున, శాఖకొకటి చొప్పున విభజించుటచేత మా పట్టికలు, సూచికలు ఆ సంఖ్యను దాటినవి. ఆ బల్ల పరిమాణము సర్వరు ఆరంభమైనప్పుడే స్థిరపడును గనుక, ఎంత మెమరీ కొన్నను ఒక్క మేకైనను పెరుగదు. కొలతను 256 చేసి, సర్వరును ఆపి మరల నడిపించితిమి. పని సాఫీగా ముగిసినది.

నిజముగనే మెమరీ చాలని సందర్భము వేరుగ ఉన్నది. పని త్వరగా కావలెనని ఎనిమిది పాయలుగ నడిపించి, సూచికలు కట్టుటకు 'మెయింటెనెన్స్ వర్క్ మెమ్' అను కొలతను 2 గిగాబైట్లు చేసినారనుకొనుడు. ఆ కొలత పాయ ఒక్కింటికి! అన్నియు ఒకేసారి సూచికలు కట్ట మొదలిడినచో 16 గిగాబైట్ల వరకు కావలసివచ్చును. ఎనిమిది గిగాబైట్ల యంత్రమున లినక్సు తన్ను తాను కాపాడుకొనుటకు ఆ పనినే తుదముట్టించును. అట్లు జరిగినదా లేదా యన్నది కెర్నెల్ చిట్టాలో తెలియును. అప్పుడు పాయలనో, ఆ కొలతనో తగ్గించవలెను.

కనుక తొలుత సందేశమును చివరివరకు చదువవలెను. తరువాత చిట్టా చూడవలెను. మెమరీ కొనుట ఆఖరి మాట.

మా పట్టిక దక్కినది. కాని బ్యాకప్ తీసిన పిమ్మట చేర్చిన వారము దినముల నమోదులు పోయినవి. వానిని చేతివ్రాత రిజిస్టరు చూచి మరల ఎక్కించుకొంటిమి. నాటినుండి మూడు నెలలకొకసారి, ఆపద లేకున్నను, వేరొక యంత్రముపై బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి లెక్క సరిచూచుకొనుచున్నాము. తీసి చూడని గాదెలో ధాన్యమున్నదని ఎవ్వరు చెప్పగలరు?