పద్దెనిమిదేళ్లు నిండాక ఏమిటి?

స్పెషల్ ఎడ్యుకేషన్‌లో పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

మీలో చాలామంది ఇక ఆటిజం ఉన్న పిల్లల బడుల్లో అడుగుపెడతారు. తల్లిదండ్రులు మిమ్మల్ని మొదట అడిగేది, "మావాడికి మాటలెప్పుడొస్తాయి?" అని. పిల్లలు ఎదిగేకొద్దీ ఆ ప్రశ్న మారిపోతుంది: "మా తర్వాత వీణ్ని ఎవరు చూస్తారు?" మీ బోధన ఈ రెండో ప్రశ్నకు జవాబు కావాలి.

1943లో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకం దృష్టికి వచ్చింది. అందులో మొదటి బాలుడు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరు ఆయనది. ఆయన దశాబ్దాల పాటు బ్యాంకులో పనిచేశారు, కారు నడిపారు, గోల్ఫ్ ఆడారు, దేశాలు తిరిగారు. 2023లో, 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయనకు ఆటిజం పోలేదు. ఊరే ఆయన్ని తనవాడనుకుంది. అయితే ఆయనది కలిగిన కుటుంబం, ఆ బ్యాంకులో వాటా ఉన్న కుటుంబం. మన పిల్లల్లో ఎక్కువమందికి ఆ అండ లేదు. ఆ లోటు బడే తీర్చాలి.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపై వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్యను హక్కు చేసింది. కానీ ఆ హక్కు 18 ఏళ్ల వరకే. అందుకే పదిహేనేళ్ల కుర్రాడి చేతిలో ఇంకా రంగుల పూసలు పెట్టకండి. బస్సెక్కడం, డబ్బు లెక్క చూసుకోవడం, అన్నం వండుకోవడం నేర్పండి. ఆడపిల్లకు నెలసరి రోజుల్లో తన శుభ్రత తను చూసుకోవడం నేర్పండి. మాట రాని వారికి బొమ్మల కార్డుతోనైనా "వద్దు" అని చెప్పడం నేర్పండి. చెప్పినట్టు వినడం ఒక్కటే నేర్పితే, చెడ్డవాళ్లు చెప్పినా వింటారు.

పిల్లవాడు చెవులు మూసుకుని అరిస్తే మొండితనం అనకండి. ఏ చప్పుడు బాధిస్తోందో, ఏ మార్పు బెదరగొట్టిందో వెతకండి. దొరికితే సరిచేయండి.

పాఠం తయారు చేసిన ప్రతిసారీ, ఇది పాతికేళ్ల వయసులో ఈ బిడ్డకు పనికొస్తుందా అని ఆలోచించండి. పనికిరాదనిపిస్తే పాఠం మార్చండి, బిడ్డను కాదు.