షైలాకు మన మధ్యకు వచ్చినప్పుడు
(ద్వారకా నగర్‌లో యువజనుల సాయంకాల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నేను వాక్యభాగము చదివి ప్రసంగము మొదలుపెట్టుట లేదు. అందుకు పెద్దలు మన్నించాలి. మన సంఘములో డిగ్రీ చదువుచున్న ఒక అబ్బాయి పోయిన నెల ఆరాధన అయిన తరువాత నా దగ్గరకు వచ్చి ఒక మాట అడిగాడు. "అయ్యగారూ, మాకు ఇంగ్లీషులో వెనిస్ వర్తకుడు నాటకము ఉన్నది. ఆఖరుకు ఆ యూదుణ్ణి బలవంతముగా క్రైస్తవుణ్ణి చేస్తారు. అది చదివిన రోజున వెనుక బెంచీలో ఒకడు నా వైపు చూసి, మీవాళ్ళు అప్పటినుంచీ చేసే పని ఇదేనన్నమాట అన్నాడు. అందరూ నవ్వారు. నేనేమి చెప్పాలి?"

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. వచ్చే నెల కూటములో మాట్లాడుకుందామని పంపివేశాను. అతడు అడిగినది ఇంగ్లీషు పాఠములో సందేహము కాదు. మన బాప్తిస్మమునకు అర్థమేమిటని అడిగాడు.

ముందుగా నా సంగతి చెప్పుకోవాలి. తొమ్మిదవ తరగతిలో, బడి వార్షికోత్సవమున, ఈ నాటకములోని న్యాయస్థానపు రంగములో షైలాకు వేషము నాదే. దూదితో గడ్డము, అట్టముక్కతో వంకర ముక్కు, చేతిలో వంటింటి కత్తి. ఆ కత్తిని చెప్పుకు నూరుతుంటే పిల్లలు ఈలలు వేశారు. నాకు ఒక సబ్బుపెట్టె బహుమతి వచ్చినది. అంతటితో పోలేదు. వేదాంత కళాశాల నుండి బయటకు వచ్చిన తొలి సంవత్సరములలో, ధర్మశాస్త్రమునకూ కృపకూ భేదము చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఈ కథనే వాడుకున్నాను. ధర్మశాస్త్రము షైలాకు, కృప పోర్షియా! వినేవారికి బాగా పట్టేది. ఆ ప్రసంగము నాలుగైదు సంఘములలో చేసి ఉంటాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉన్నది.

చదవనివారి కొరకు కథ క్లుప్తముగా చెబుతాను. వెనిస్ పట్టణములో ఆంటోనియో అనే క్రైస్తవ వర్తకుడు. అతని స్నేహితునికి డబ్బు కావలసి వచ్చినది. ఆంటోనియో సరుకంతా ఓడలమీద ఉన్నది, చేతిలో రొక్కము లేదు. షైలాకు అనే యూదు వడ్డీ వ్యాపారి దగ్గర మూడు వేల డకెట్లు మూడు నెలల గడువుకు తీసుకుంటాడు. గడువు దాటితే ఆంటోనియో దేహములో నుండి ఒక పౌను మాంసము కోసుకొనవచ్చునని పత్రము. ఓడలు మునిగినవని వార్త వస్తుంది, గడువు దాటుతుంది, షైలాకు కత్తి నూరుతాడు. స్నేహితుని భార్య పోర్షియా మగవేషములో న్యాయవాదిగా వచ్చి, మాంసమైతే కోసుకో, నెత్తురు బొట్టు చిందరాదు అని కేసు తిప్పివేస్తుంది. మన బడులలో ఆడేది ఇంతవరకే.

నాటకములో ఇంకా ఉన్నవి. అప్పుకు ముందే ఆంటోనియో షైలాకును నడివీధిలో కుక్క అని తిట్టాడు, గడ్డముమీద ఉమ్మివేశాడు. షైలాకు ఆ సంగతి ఎత్తితే, మళ్ళీ ఉమ్మివేస్తాను అంటాడు. ఇతడు నాటకములో సజ్జనుడు! షైలాకు కూతురు తండ్రి సొమ్ముతో క్రైస్తవ యువకునితో వెళ్ళిపోతుంది. చనిపోయిన భార్య పెండ్లికి ముందు తనకిచ్చిన ఉంగరమును కూతురు ఒక కోతికి మారకము చేసినదని విన్నప్పుడు షైలాకు పడిన బాధ రెండు మూడు పంక్తులలో ఉన్నది. వడ్డీ వ్యాపారి గుండెలో భార్య ఉన్నదని అక్కడ మనకు తెలుస్తుంది. బడిలో మేము ఆ పంక్తులు చదవనే లేదు.

యూదులు వడ్డీ వ్యాపారములోనికి ఎందుకు వెళ్ళారు? పుట్టుకతో వచ్చిన బుద్ధి అని మనవారిలోనూ అనేవారున్నారు. ఐరోపాలో చాలా చోట్ల యూదులకు భూమి కొనే హక్కు లేదు, చేతిపనివారి సంఘములలో చోటు లేదు. క్రైస్తవుడు వడ్డీ తీసుకొనరాదని సభ నిషేధించినది. రాజులకు, వర్తకులకు అప్పు మాత్రము కావాలి. కనుక యూదునికి ఆ ఒక్క తలుపు తెరిచి, ఆ తలుపులో నుండి లోపలికి వచ్చినందుకే అతణ్ణి ద్వేషించారు. (క్రైస్తవ వడ్డీ వ్యాపారులు లేరని కాదు. ఇటలీలో పేరుమోసిన షాహుకారులు చాలామంది వారే.) 1215లో రోమునందు జరిగిన లాటెరన్ మహాసభ, యూదులు బట్టలలో గుర్తు తెలిసేలా తిరగాలని శాసించినది.

ఇక వెనిస్. స్టీలు ప్లాంటులో పనిచేసే సహోదరులు ఈ మాట వినాలి. 1516లో వెనిస్ ప్రభుత్వము యూదులందరినీ ఒక చిన్న దీవిలో పెట్టినది. రాత్రి గేట్లకు తాళము, కాపలా. కాపలావారి జీతము యూదులే ఇచ్చుకోవాలి. ఆ దీవిలో అంతకుముందు లోహము కరిగించి పోతపోసే కార్ఖానా ఉండేది. వారి భాషలో పోత కార్ఖానాకు ఉన్న మాట నుండే గెట్టో అనే మాట వచ్చినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. ఈనాడు లోకమంతటా వెలివాడకు వాడే మాట ఒక ఫౌండ్రీ పేరు!

షేక్స్పియరు ఈ నాటకము వ్రాసినది 1596 - 98 ప్రాంతములో. అచ్చయినది 1600లో. ఇంగ్లండు రాజు యూదులందరినీ 1290లోనే దేశము నుండి వెళ్ళగొట్టాడు. తిరిగి రానిచ్చినది 1656లో. అంటే ఆయన కాలములో లండనులో బహిరంగముగా యూదు ఆరాధన చేసుకునే కుటుంబము లేదు. పైగా 1594లో రాణిగారి వైద్యుడు లోపెజ్ అనే యూదు వంశస్థుణ్ణి విషప్రయోగము కుట్ర మోపి జనము నవ్వుతుండగా చంపారు. ఆ వేడి ఇంకా ఉన్నది. చూడని మనుష్యులను గురించి, విన్న కథలతో ఆయన నాటకము కట్టాడు. అయినా ఆయన గొప్ప కవి గనుక పాత్ర ఆయన చేయి దాటిపోయినది. యూదునికి మాత్రము కన్నులు లేవా, గాయపడితే నెత్తురు రాదా అనే అర్థమిచ్చే ప్రసిద్ధమైన మాటలు షైలాకువే. ఆ మాటలు పగ తీర్చుకొనుటను సమర్థించుకొనడానికి చెప్పినవని కూడా మరువరాదు. ఆయన షైలాకును దేవదూతను చేయలేదు.

నాకు అంతకంటె పదునుగా కనిపించేది న్యాయస్థానములో అతడు వేసిన మరియొక ప్రశ్న. మీరు డబ్బు పెట్టి బానిసలను కొని గాడిదలవలె, కుక్కలవలె వాడుకుంటున్నారు గదా, వారిని విడిచిపెట్టి మీ పిల్లలనిచ్చి పెండ్లి చేయుడి అంటే చేస్తారా అని సభను అడుగుతాడు. ఎవరూ జవాబు చెప్పరు. ఇక్కడ కూర్చున్న మనలో ఎందరి తాతలు ఊరి నడివీధిలో చెప్పులు చేతబట్టి నడిచారు? హోటలులో మనకు వేరే గ్లాసు పెట్టిన ఊళ్ళు ఎన్ని? ఉమ్మి ఎవరిమీద పడినదో తెలిసిన మనము, ఈ నాటకములో ఉమ్మివేసినవాని పక్షాన కూర్చుని చప్పట్లు కొట్టాము. నేనైతే సబ్బుపెట్టె కూడా పుచ్చుకున్నాను.

అయితే ఈ నాటకమును పాఠ్యపుస్తకములలో నుండి తీసివేయాలా? ఇటువంటి ప్రశ్న మన రాష్ట్రములోనే వచ్చినది. కాళ్ళకూరి నారాయణరావు గారి చింతామణి నాటకమును 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించినది. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యుల ఫిర్యాదు. కవిగారి ఉద్దేశము సంఘసంస్కరణ. కాని ఊరూరా ఆడినవారు సుబ్బిశెట్టి నోట చేర్చిన మోటు హాస్యము తరతరాలుగా పెరిగిపోయినది. షైలాకుకు అట్టముక్కు తగిలించినట్లే ఇది. ఒక వైశ్య బాలుడు బడిలో సుబ్బిశెట్టీ అని పిలిపించుకుంటే వాని మనస్సు ఎట్లుంటుందో మనము ఆలోచించాలి. నాటకము నిలిచిపోతే దానిమీద బ్రతికే రంగస్థల కళాకారుల అన్నము సంగతి కూడా ఆలోచించాలి. నా మట్టుకు నాకు నిషేధము ఇష్టము లేదు. దాచిపెట్టిన పుస్తకములో తప్పు ఎవరికీ కనబడదు. కాని నొచ్చుకున్నవాడు లేచి, నొప్పిగా ఉన్నదంటే, కళ నీకు తెలియదు కూర్చో అనే హక్కు కూడా మనకు లేదు.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్న. పోర్షియా దయను గురించి చేసిన ప్రసంగము కంఠస్థము చేయనివారు అరుదు. బాగున్నది. ఆ దయ ఎక్కడ తేలినదో చూడండి. షైలాకు ఓడిన తరువాత ప్రాణము నిలుపుకోవాలంటే ఆంటోనియో పెట్టిన షరతులలో ఒకటి, వెంటనే క్రైస్తవుడు కావాలి. ఒప్పుకొనకపోతే క్షమాపణ రద్దు చేస్తానని అధిపతి అంటాడు. షైలాకు సమ్మతమేనని చెప్పి, ఒంట్లో బాగాలేదు, వెళ్ళనివ్వండని బయటకు నడుస్తాడు. ఆనాటి ప్రేక్షకులలో చాలామంది, పోనీ పాపము, వాని ఆత్మకు రక్షణ దొరికినదని నిజముగానే అనుకొని ఉండవచ్చు. అదే భయంకరము.

నేను బాప్తిస్మపు నీళ్ళ దగ్గర నిలబడి ప్రతి అభ్యర్థినీ అడుగుతాను, నీ ఇష్టపూర్వకముగానే వచ్చావా అని. మన రాజ్యాంగములోని 25వ అధికరణము మనస్సాక్షి స్వేచ్ఛను ఇస్తున్నదని, మనమీద నింద వచ్చినప్పుడల్లా ఎత్తి చూపుతాము. కనుక ఆ అబ్బాయితో నేను చెప్పినది ఇది. బాబూ, వెనుక బెంచీ కుర్రవాడు నిన్ను కొట్టాలని అన్నాడు, కాని నాటకములో జరిగినది తప్పు కాదని చెప్పి నువ్వు గెలవలేవు. అది తప్పే. ఐరోపాలో అటువంటివి నిజముగానూ జరిగినవి. 1497లో పోర్చుగల్ రాజు తన దేశములోని యూదులకు బలవంతపు బాప్తిస్మము ఇప్పించాడు. కత్తి మెడమీద ఉండగా ఇచ్చినది బాప్తిస్మము కాదని మొదట చెప్పవలసినది మనమే. అది చెప్పిన తరువాత, నా అమ్మమ్మ ఎవరు బెదిరిస్తే వచ్చినదో చెప్పమని నువ్వు అతణ్ణి అడుగవచ్చు.

మన ఇంటి తప్పులు ఇంకా ఉన్నవి. మార్టిన్ లూథర్ గారు 1543లో యూదులమీద వ్రాసిన పుస్తకములో వారి సమాజమందిరములను తగులబెట్టుమని సలహా ఇచ్చారు. 1943లో, యూదులను గుంపులుగా చంపుచున్న దినములలో, వియన్నా నగరపు పెద్ద నాటకశాలలో ఇదే నాటకము నాజీల మెప్పుకొరకు ఆడారు. రోమను కతోలిక సభ 1965లో, యూదజాతి అంతటిమీద క్రీస్తు మరణదోషము మోపరాదని ప్రకటించినది. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘము 1994లో లూథర్ గారి ఆ మాటలను బహిరంగముగా తిరస్కరించినది. ఆలస్యమే, అయినా జరిగినది.

మన తెలుగులో ఇంకొక చిక్కు ఉన్నది. ఇస్కరియోతు వానికీ యూదా, ప్రభువు పుట్టిన గోత్రమునకూ యూదా, పత్రిక వ్రాసిన భక్తునికీ యూదా. ఇంట్లో ఎవడైనా మోసము చేస్తే, వాడొక యూదా అంటాము. శుభ శుక్రవారము ఏడు మాటలు చెప్పేటప్పుడు, యూదులు చంపారు అని ఎంత సులువుగా అనేస్తామో నాకు తెలుసు, నేనూ అన్నాను గనుక. మొదట అచ్చయిన తెలుగు సువార్తలు తయారైనది ఈ విశాఖపట్టణములోనే. 1805లో ఇక్కడికి వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు, ఆనందరాయరు గారి సహాయముతో మొదలుపెట్టిన పని అది. మూడు సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయినవి. ఆ పేజీలలోని ప్రభువూ యూదుడే, ఆయన తల్లీ యూదురాలే, శిష్యులూ యూదులే.

యూదులు ఎక్కడో ఉన్నారని అనుకుంటాము. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజము ఉన్నది. మాదిగ కుటుంబముల వారు, ఒకప్పుడు మనవలె చర్చికి వెళ్ళినవారు, 1980ల చివరి నుండి తాము యూదులమని చెప్పుకొని విశ్రాంతి దినమును ఆచరిస్తున్నారు. వారిమీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు. వారి వంశచరిత్ర నిజమా కాదా అనేది నా పని కాదు. నేను షైలాకు ప్రసంగము చేసిన రోజున వారిలో ఒక ముసలామె వెనుక వరుసలో కూర్చుని ఉంటే, తెలుగులో, మన యాసలో, ప్రతి మాటా ఆమెకు అర్థమయ్యేది.

ఆ తరువాత మేము పదకొండుమందిమి నాలుగు శనివారములు కూర్చుని నాటకము మొదటి నుండి చివరి వరకు చదివాము. రెండు ప్రతులు ఇక్కడి పౌర గ్రంథాలయములో కూర్చుని చూసుకున్నాము, మిగిలినవి జిరాక్సు. షైలాకు భాగము ప్రశ్న అడిగిన అబ్బాయికే ఇచ్చాను. దూది లేదు, అట్టముక్కు లేదు. ఒంట్లో బాగాలేదు, వెళ్ళనివ్వండి అనే చోటికి వచ్చేసరికి అతడు చదవడము ఆపి, కాగితము కింద పెట్టి, "అయ్యగారూ, ఇతడు ఇంటికి వెళితే అక్కడ ఎవరున్నారు?" అని అడిగాడు. కూతురు వెళ్ళిపోయినది, భార్య లేదు, ఇక సమాజమందిరమునకు పోలేడు, చర్చిలో అతని పక్కన ఎవరూ కూర్చోరు. కొంతసేపు ఎవరమూ ఏమీ అనలేదు. తరువాత ఐదవ అంకము తెరిచాము.