కప్పులు గెలవని జట్టు ఏం సాధించినట్టు?

ఈ వేదిక మీద మనం ఎక్కువగా సాహిత్యమే మాట్లాడుకుంటాం. ఈసారి ఆటల గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. డాలస్‌లో బాస్కెట్‌బాల్ అనగానే అందరి నోటా వచ్చేది మావరిక్స్ పేరు. నేను మాత్రం మన ఫ్రిస్కోలోనే ఆడే చిన్న జట్టు టెక్సస్ లెజెండ్స్ కథ చెబుతాను. ఎన్‌బీఏకి ఒక మెట్టు కిందుండే జీ లీగ్‌లో, మావరిక్స్‌కి అనుబంధంగా ఆడే జట్టు ఇది. ఫ్రిస్కోకి వచ్చాక ఒక్కసారి కూడా లీగ్ కప్పు గెలవలేదు. అలాంటి జట్టు గురించి ఇంతమంది ముందు మాట్లాడటానికి ఏముంది అంటారా? అదే చెప్పబోతున్నాను.

ముందు పుట్టుక. ఈ జట్టు సొంతూరు టెక్సస్ కాదు. 2006లో కొలరాడోలో, డెన్వర్ పక్కనున్న బ్రూమ్‌ఫీల్డ్‌లో మొదలైంది. అప్పటి పేరు కొలరాడో ఫోర్టీనర్స్. ఆ రాష్ట్రంలో పధ్నాలుగు వేల అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైనే ఉన్నాయి. జనం వాటిని పిలుచుకునే పేరే జట్టుకీ పెట్టారు. 2009లో వాళ్లు లీగ్ ఛాంపియన్లు అయ్యారు. పెద్ద లీగ్‌లో అయితే ఊరేగింపు తీసి, మరుసటి ఏడు టికెట్ ధర పెంచేవారు. ఇక్కడ ఏడాది తిరగకుండానే జట్టు చేతులు మారింది. అప్పట్లో మావరిక్స్ బాస్కెట్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడిగా ఉన్న డానీ నెల్సన్ మరికొందరితో కలిసి దాన్ని కొన్నారు. 2009-10 సీజన్ అంతా ఆట లేదు. 2010లో కొత్త పేరుతో ఫ్రిస్కోలో దిగింది. కప్పు గెలిచిన ఊళ్లో కప్పు మిగిలింది, జట్టు వెళ్లిపోయింది.

అప్పటికి ఫ్రిస్కో కూడా కొత్త ఊరే. 1990లో ఆరు వేల చిల్లర జనం. 2010 నాటికి లక్షా పదిహేడు వేలు, 2020కి రెండు లక్షలు. ఆ పెరుగుదలలో తెలుగువాళ్ల వాటా ఎంతో ఈ హాలు చూస్తేనే తెలుస్తోంది. జట్టు ఆడేది ఇప్పుడు కొమెరికా సెంటర్ అంటున్న హాల్లో. దాని అసలు నేల మంచు. డాలస్ స్టార్స్ హాకీ జట్టు సాధన చేసేది ఆ భవనంలోనే. బాస్కెట్‌బాల్ ఉన్న రోజున ఆ మంచును కరిగించరు. చలి పైకి తన్నకుండా దానిమీద పలకలు పరిచి, ఆపైన చెక్క నేలను ముక్కలు ముక్కలుగా తెచ్చి ఒకదానికొకటి బిగిస్తారు. పని తీరాక మళ్లీ విప్పుతారు. ఈ జట్టు కింద నేల కూడా తాత్కాలికమే.

లెజెండ్స్ తొలి నిర్ణయమే దేశమంతా వార్త అయింది. హెడ్ కోచ్‌గా నాన్సీ లీబర్‌మన్‌ను తీసుకున్నారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన అమెరికా జట్టులో ఆమె ఉన్నారు. 1986లో మగవాళ్ల లీగ్‌లో మగవాళ్లతో కలిసి ఆడారు. ఎన్‌బీఏ అనుబంధ లీగ్‌లో పురుషుల జట్టుకు హెడ్ కోచ్ అయిన తొలి మహిళ ఆమే. 2010-11లో ఆమె జట్టు యాభై ఆటల్లో ఇరవై నాలుగు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. 2015లో శాక్రమెంటో కింగ్స్ ఆమెను అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంది. పై లీగ్ సాహసించని పనిని ముందు కింది లీగ్ చేసి చూపించింది. నిబంధనల సంగతీ అంతే. ఫ్రీ త్రోలు రెండు మూడు వేయాల్సిన చోట ఒక్కటే వేసి అన్ని పాయింట్లూ తీసుకునే పద్ధతిని 2019-20 నుంచి జీ లీగ్‌లోనే ప్రయోగించారు. అక్కడ ఏదైనా బెడిసికొడితే పోయేది తక్కువ.

ఇక ఆటగాళ్ల సంగతి. ఆ తొలి జట్టులో ఆంటోనియో డానియల్స్ ఉన్నాడు. 1999లో స్పర్స్‌తో ఎన్‌బీఏ కప్పు గెలిచినవాడు. ముప్పై అయిదేళ్ల వయసులో, ఎన్‌బీఏలో చోటు పోయాక, ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల పక్కన చిన్న హాల్లో ఆడటానికి వచ్చాడు. సీజన్ చివర్లో పిలుపు వచ్చింది. అయితే అది మావరిక్స్ నుంచి కాదు, ఫిలడెల్ఫియా నుంచి.

ఈ లీగ్ లెక్క అంతా ఇక్కడే ఉంది. మామూలు జీ లీగ్ ఆటగాడి ఒప్పందం లీగ్‌తో ఉంటుంది. కాబట్టి ఎన్‌బీఏలోని ఏ జట్టయినా అతన్ని పిలుచుకోవచ్చు. 2017 నుంచి టూ-వే ఒప్పందాలు వచ్చాక, కొద్దిమందిని మాత్రం పై జట్టు తనకోసం అట్టిపెట్టుకోగలుగుతోంది. మిగతావాళ్ల విషయంలో, ఇక్కడి కోచ్ తీర్చిదిద్దిన ఆటగాడు రేపు మావరిక్స్ మీదే ఆడొచ్చు. డబ్బు చూస్తే ఎవరూ ఆగరు. 2018-19లో జీ లీగ్ జీతం సీజన్ మొత్తానికి ముప్పై అయిదు వేల డాలర్లు. ఎన్‌బీఏలో కనీస వేతనం మీద పది రోజుల ఒప్పందం దక్కినా అంతకంటే ఎక్కువే వచ్చేది. అంటే బాగా ఆడేవాడు వెళ్లిపోతాడు, అతను వెళ్లాక జట్టు ఓడుతుంది. కోచ్ పని ఎంత బాగా చేస్తే గెలుపోటముల పట్టికలో అంత దెబ్బ తింటాడు. అలాంటి జట్టును కప్పులతో కొలవడం తప్పు. ఎంతమందిని పైకి పంపిందో చూడాలి.

ఇక్కడితో ఆపితే మీరు చప్పట్లు కొడతారు. కానీ ఈ కొలత కూడా సరిపోదు. సత్నాం సింగ్‌నే తీసుకోండి. పంజాబ్‌లో బర్నాలా జిల్లా బల్లో కే గ్రామం. రైతు కుటుంబం. ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో యాభై రెండో ఎంపికగా మావరిక్స్ అతన్ని తీసుకుంది. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి ఆటగాడు అతనే. మావరిక్స్ అతన్ని లెజెండ్స్‌కి పంపింది. దాదాపు అయిదున్నర అడుగుల ఎత్తుతో 1986లో డాలస్‌లోనే డంక్ పోటీ గెలిచిన స్పడ్ వెబ్ లెజెండ్స్ యాజమాన్యంలో ఉండగా, అంత పొడుగు కుర్రాడు అదే జట్టుకి వచ్చాడు. రెండు సీజన్లలో కలిపి ముప్పై ఆటలు కూడా ఆడలేదు. ఎన్‌బీఏ పిలుపు రాలేదు. తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి మారాడు.

ప్రాజెక్టు అయిపోయి, తర్వాతి ఇంటర్వ్యూ ఎప్పుడో తెలియక, కన్సల్టెన్సీ బెంచి మీద గడిపిన నెలలు ఈ హాల్లో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఫోన్ మోగితే గుండె దడ, మోగకపోతే ఇంకా దడ. జీ లీగ్ ఆటగాడు సీజన్ పొడుగునా ఉండేది అదే స్థితిలో. తేడా ఏమిటంటే, ఆ నిరీక్షణంతా అతను జనం ముందు, స్కోరు బోర్డు కింద చేయాలి. పిలుపు రాని రాత్రి కూడా పరుగెత్తాలి.

మన ఇళ్లలో పిల్లల చదువులకూ ఆటలకూ ఒకే ప్రశ్న వేస్తాం: పై మెట్టు ఎక్కాడా లేదా? ఎక్కినవాడి ఫొటో గ్రూపులో పెడతాం, ఎక్కనివాడి మాట దాటేస్తాం. లెజెండ్స్ చరిత్రలో ఎక్కనివాళ్లే ఎక్కువ. ఐనా వాళ్లు జట్టుకి పనికిరానివాళ్లు కారు. బాస్కెట్‌బాల్‌లో ఒక్కడు గొప్పగా కనబడాలంటే అతనికి బంతి అందించేవాడు కావాలి, దారి అడ్డం లేకుండా చేసేవాడు కావాలి, రోజూ సాధనలో ఎదురు నిలిచి ముప్పుతిప్పలు పెట్టేవాడు కావాలి.

కాబట్టి వచ్చే సీజన్‌లో పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లండి. ఆ వారం పైకి వెళ్లినవాడు ఎవరో తప్పకుండా అడగండి. ఆ తర్వాత, అతను లేని లోటుతో ఆ రాత్రి ఆడుతున్నవాళ్లను చూపించి, వాళ్లకీ చప్పట్లు కొట్టమని చెప్పండి. వాళ్లు లేకపోతే వెళ్లినవాడికి ఆడి చూపించుకోవడానికి జట్టే ఉండేది కాదు.