కుర్చీకి గడువు

(టంగుటూరి ప్రకాశం పంతులు స్మారకోపన్యాసం)



ప్రకాశం గారనగానే సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీకి ఎదురు నిలిచిన గుండె గుర్తొస్తుంది. ఈ సాయంత్రం నేను ఆయన జీతం గురించి మాట్లాడదలచుకున్నాను. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ మంత్రి. ప్రభుత్వ కొలువులో ఉన్న ఎవరికీ మామూలుగా నెలకు 500 రూపాయలకు మించి జీతం ఉండరాదని 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానించింది. ఆ మంత్రులు దానికి కట్టుబడి 500 రూపాయలే తీసుకున్నారు. బారిస్టరుగా వేలకు వేలు గడించి, ఆ ప్రాక్టీసు వదులుకుని, ఆస్తంతా ‘స్వరాజ్య’ పత్రికకు ధారపోసిన మనిషికి ఆ జీతం ఒక లెక్క కాదు.

అయితే ఇంకో సంగతి కూడా ఈ వేదిక మీద చెప్పుకోవాలి. ప్రజలు సభల్లో ఇచ్చిన పర్సులను సొంతానికి వాడుకున్నారని ఆయనను తప్పుపట్టింది సాక్షాత్తు గాంధీజీ. పంతులు గారి నిజాయతీ మీద నాకు ఇసుమంత సందేహం లేదు. కానీ చేతిలో చిల్లిగవ్వ మిగుల్చుకోని నాయకుడు ఎవరో ఒకరి మీద ఆధారపడక తప్పదు. ఆయన ప్రజల మీద ఆధారపడ్డారు. ఈనాటి నాయకుల్లో ఎక్కువమంది కాంట్రాక్టర్ల మీద ఆధారపడుతున్నారు. అందుకే, జీతాలు కోసేస్తే అవినీతి పోతుందన్న మాట నాకు మింగుడుపడదు.

లెక్క చూడండి. 2023 ఏప్రిల్ నుంచి ఎంపీ జీతం నెలకు 1.24 లక్షలు. ఐదేళ్లకు 74.4 లక్షలు. మన రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఎన్నికల్లో చట్టబద్ధంగా 95 లక్షల దాకా ఖర్చు పెట్టవచ్చు. అంటే ఐదేళ్ల జీతం మొత్తం కలిపినా చట్టం ఒప్పుకున్న ఖర్చుకే చాలదు. ఇక చట్టం ఒప్పుకోని ఖర్చు ఎంతో, పోలింగ్ ముందురోజు రాత్రి మీ వీధిలో మీరే చూశారు. పార్టీ పెట్టే ఖర్చుకైతే పరిమితే లేదు. ఇలాంటి చోట జీతాన్ని సున్నా చేస్తే సంపన్నుడికి వచ్చే నష్టం ఏమీ లేదు. వచ్చే టర్ముకు నిలబడలేనిది బడిపంతులు కొడుకే.

జీతం విషయంలో నాకున్న అభ్యంతరం ఒక్కటే: ఎవరి జీతం వాళ్లే పెంచుకోవడం. పార్లమెంటు సభ్యుల జీతాన్ని 2018 నుంచి ధరల సూచీకి ముడిపెట్టారు, మంచిదే. శాసనసభలు మాత్రం తమ జీతాలను తామే ఓటు వేసి పెంచుకుంటున్నాయి. 2016లో తెలంగాణ సభ ఒక్క బిల్లుతో సభ్యుల జీతభత్యాలను రెట్టింపుకు మించి పెంచింది. సభ్యులు పెంచుకున్న జీతం మరో ఎన్నిక జరిగాకే అమల్లోకి రావాలని అమెరికా రాజ్యాంగంలో 27వ సవరణ ఉంది. 1789లో ప్రతిపాదించిన ఆ సవరణ 1992లో గానీ ఆమోదం పొందలేదు. మనకు అంత ఆలస్యం అక్కర్లేదు.

అసలు జబ్బు కుర్చీలో ఉంది. ఒకే మనిషి పదేళ్లు, పదిహేనేళ్లు కూర్చుంటే అతని చుట్టూ ఒకే కాంట్రాక్టర్లు, కీలకమైన పోస్టింగుల్లో ఒకే అధికారులు, ఒకే మధ్యవర్తులు పాతుకుపోతారు. మొదటి టర్ములో భయపడిన గుమాస్తా మూడో టర్ముకు రేటు చెబుతాడు. అమెరికా 1951లో అధ్యక్షుడికి రెండు ఎన్నికల హద్దు పెట్టింది. మన ప్రధానికి గానీ ముఖ్యమంత్రికి గానీ అలాంటి హద్దేమీ లేదు.

గడువు ఒక్కటే చాలుతుందా అంటే, చాలదు. మెక్సికోలో అధ్యక్షుడికి ఆరేళ్ల టర్ము ఒక్కటే. ఒకసారి చేసినవారు మళ్లీ పోటీ చేయడానికి వీల్లేదు. అయినా ఒకే పార్టీ 2000 దాకా ఏడు దశాబ్దాలు ఏలింది, లంచాలూ దానితోపాటే సాగాయి. అధ్యక్షుడు మారాడు, ముఠా మారలేదు. అంత దూరం ఎందుకు, మన పంచాయతీలకే రండి. రిజర్వేషన్ మారి సీటు మహిళలకు వెళ్లగానే పాత సర్పంచ్ దిగిపోవాల్సిందే. ఆఫీసు ముందు బోర్డు మీద భార్య పేరు ఎక్కుతుంది, లోపల కుర్చీలో భర్త ఉంటాడు. కార్యదర్శి తీర్మానాల పుస్తకం ఇంటికి పట్టుకెళ్తాడు. ఆమె వంటింట్లోంచి వచ్చి చేయి తుడుచుకుని, చదవకుండానే సంతకం పెడుతుంది. 1997లో బిహార్‌లో ముఖ్యమంత్రి కుర్చీ నుంచి లాలూ ప్రసాద్ దిగి భార్య రబ్రీదేవిని కూర్చోబెట్టినప్పుడు రాష్ట్ర స్థాయిలోనూ అదే చూశాం.

కాబట్టి గడువు మనిషితోపాటు ఇంటికీ వర్తించాలి. ముఖ్యమంత్రి, మంత్రి పదవులకు రెండు టర్ములు. ఆ వెంటనే అదే కుర్చీలో భార్యాభర్తలు, బిడ్డలు, తోబుట్టువులు కూర్చోకూడదు. శాసనసభ్యత్వానికి ఈ హద్దు పెట్టమని నేను అడగను. ఎన్.జి. రంగా గారు 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టి 1991 వరకూ చట్టసభల్లో రైతు కోసం మాట్లాడారు. ప్రశ్నించేవాడు ఎన్నాళ్లున్నా మంచిదే. ఖజానా తాళం చేతిలో ఉన్నవాడు మాత్రం దిగాలి.

రాజ్యాంగ సవరణ రేపే రాదు. పార్టీలు తలచుకుంటే దాని కోసం ఆగనక్కర్లేదు. 2021లో కేరళలో సీపీఎం వరుసగా రెండుసార్లు గెలిచినవారికి టికెట్ ఇవ్వలేదు. పేరున్న మంత్రులూ ఆగిపోయారు. అయినా ఆ పార్టీ నడిపే కూటమి 140 సీట్లకు 99 గెలిచింది. గెలిచాక ఆ పార్టీ మంత్రుల్లో ముఖ్యమంత్రి తప్ప అంతకుముందటి మంత్రివర్గంలోని వాళ్లెవరూ లేరు. ఆ నియమం ముఖ్యమంత్రి కుర్చీ దాకా రాకపోవడమే అందులో లోటు.

ప్రకాశం గారు రెండు ప్రభుత్వాలకు నాయకత్వం వహించినా, రెండూ కలిపి రెండేళ్లకు కాస్త ఎక్కువ. ఆ కొద్దికాలం చాలు, తెలుగువాళ్లు ఆయనను ఇప్పటికీ తలచుకోవడానికి. వచ్చే ఎన్నికల్లో మీ గుమ్మంలోకి వచ్చే ప్రతి పార్టీనీ ఒక్క ప్రశ్న అడగండి: మీ నాయకుడు ఎన్ని టర్ముల తర్వాత దిగుతాడు, ఆ మాట మీ మేనిఫెస్టోలో రాస్తారా? జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.