ఆంధ్ర విశ్వకళాపరిషత్తు – కొండబిడ్డల భాష
(కురుపాం పఠనమందిరమున జరిగిన యుపన్యాసము)



ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 ఏప్రిల్ 26వ తేదీన స్థాపితమైనది. అంతకుముందు మన బిడ్డలు పట్టములకై చెన్నపురి మొగము చూడవలసియుండెను. పరిషత్తు మొదట బెజవాడలో నుండి, పిమ్మట వాల్తేరు చేరినది. తొలి వైస్‌చాన్సలరు శ్రీ కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ప్రభుత్వపు దమననీతిని నిరసించి పదవిని త్యజించిరి. పదవులను బట్టుకొని వ్రేలాడువారికి ఈ సంగతి యప్పుడప్పుడు జ్ఞప్తి చేయుట మంచిది. 1931 మొదలు 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణపండితులు దానిని నడపిరి. జయపురాధీశులు విక్రమదేవవర్మగారి దానమున విజ్ఞానకళాశాల వెలసినది. జయపురమన నెక్కడిదో కాదు, ఈ కొండలవరుసలోనిదే. కొండసీమ ధనము వాల్తేరు ప్రయోగశాలలకు ద్రోవ దెలిసికొన్నది. కొండసీమ బిడ్డలకు మాత్రమా ద్రోవ చాలకాలము దొరకలేదు.

అక్కడి విద్యార్థులు సుఖముగా చదువుకొన్న దినములే గావు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపై బాంబులు విడిచినవి. పరిషత్తు గుంటూరికి తరలిపోయినది. 1966లో ఉక్కు కర్మాగారమునకై జరిగిన యుద్యమమున విద్యార్థులు ముందు నిలిచిరి. నవంబరు 1న విశాఖలో తుపాకులు ప్రేలి పలువురు మరణించిరి.

ఆ బాంబులు విడిచిన దేశము చదువును నిలుపుకొన్న విధము తెలిసికొనదగినది. టోకియో విశ్వవిద్యాలయము 1877లో పుట్టినది. హోంగోలోని దాని యావరణము పూర్వము మయేదా ప్రభువుల దివాణము. 1827 నాటి వారి యెఱ్ఱద్వారము నేటికిని నిలిచియున్నది. మొదట నాచార్యులలో ననేకులు విదేశీయులు. వైద్యము జర్మనుభాషలో, తక్కిన శాస్త్రములు విశేషముగా నాంగ్లమున చెప్పెడివారు. ఒక తరము గడచునప్పటికి జపానీయులు శాస్త్రపదములను గల్పించుకొని, తమ భాషలోనే తమ వారిచే పాఠములు చెప్పించుకొనిరి. క్యోటోలో 1913లో గట్టిన యోషిదా వసతిగృహమును విద్యార్థులే నడపుకొనుచు వచ్చిరి. స్వభాష యున్నంతనే వివేకముండునని నేననను. ఆ రాజ్యమే 1943లో తన విద్యార్థులను తరగతులనుండి యుద్ధరంగమునకు పంపినది. కాని విద్యను స్వభాషలోనికి దెచ్చుకొనుటలో వారు చూపిన పట్టుదల మనము చూపలేదు.

మన పరిషత్తులో శాస్త్రబోధ యాంగ్లముననే నిలిచినది. తెలుగు పిల్లవానికది యొక గోడ. ఇంట సవర మాటాడు పిల్లవానికి ముందు తెలుగుగోడ, దానివెనుక నాంగ్లపుగోడ. ఈ బాధ నెఱిగిన మహానుభావుడు మనకు సమీపమున పర్లాకిమిడిలోనే యుండెను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలతో గలసి వారి భాష నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టి, 1931లో సవరభాషా వ్యాకరణమును బ్రకటించిరి. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. (వ్యవహారభాషకై పోరాడిన యా పెద్దలు నా యీ గ్రాంథికము విన్నచో నవ్వియుందురు.) బిరుదము పంతులుగారికి దక్కినది, వారు ప్రేమించిన భాష తరగతిలోనికి బోలేదు. 2004 ప్రాంతమున ప్రభుత్వము సవర మొదలగు గిరిజనభాషలలో, తెలుగులిపితో, చిన్నబడుల పుస్తకములు వేయించినది.

ఇక మన యూరి మాట. కురుపాములో గిరిజన ఇంజనీరింగు కళాశాలకు 2020 అక్టోబరు 2న శంకుస్థాపన జరిగినది. రాయి వేసిన దినమున చప్పట్లు కొట్టుట సులభము. అందు జేరు సవర, జాతాపు పిల్లలలో మొదటి సంవత్సరముననే మూట గట్టుకొని యిల్లు చేరువారెందఱు? దానిని లెక్కించువారెవరు? వసతిగృహమున పిల్లల భాష వచ్చిన యుపాధ్యాయుడొక్కడైన నుండవలెనని మనము వ్రాతపూర్వకముగా నడుగవలెను. వసతిగృహపు కట్టుబాట్లు నిర్ణయించు సంఘమున విద్యార్థులకు చోటుండవలెను. అంతవఱకు మనము చేయదగిన పనియు నున్నది. గణితమునకు, యంత్రములకు సంబంధించిన పదములకు తెలుగర్థమును, సవరలో వివరణమును వ్రాసి యొక చిన్న పుస్తకము సిద్ధపఱుపవచ్చును. సవర తెలిసిన యుపాధ్యాయులీ సభలోనే యున్నారు. రాబోవు ఆదివారము సాయంకాలము కాగితము, కలము తీసికొని యీ మందిరమునకే రండు.