రేవు తప్పిన రోజు

 

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అరకు కాఫీ తోటల్లో నీడచెట్లు కూలాయి. మా ఆరో తరగతి పిల్లవాడి నాన్న టీకొట్టు రేకులు ఎగిరిపోయాయి. ఆ పిల్లవాడు ఇప్పుడు విహారనౌక వంటశాలలో ఉద్యోగి.

మొన్న ఫోన్ చేశాడు. వాతావరణం బాగాలేక కెప్టెన్ ఒక రేవు వదిలేశాడట. "ఒడ్డున తినాల్సిన వాళ్లంతా ఓడలోనే భోజనానికొచ్చారు సార్. మాకు దిగే సెలవూ పోయింది. ఊగుడుకి నూనె బాణళ్లు ఆపేసి, గిన్నెలు జారకుండా పొయ్యికి కడ్డీలు బిగించి వండాం" అన్నాడు.

"భయమేయలేదా నాయనా?"

"ఏసింది సార్. కానీ ఏం చెయ్యాలో నేర్పారుగా!"

మంటలార్పడం, నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, ప్రథమ చికిత్స: ఈ శిక్షణ లేనిదే ఓడలో ఉద్యోగానికి తీసుకోరు. ఆ ఫీజు వాళ్ల నాన్న కట్టలేకపోతే మీరు కట్టారు. కొండమీది పిల్లవాడికి సముద్రమెందుకు, డిగ్రీ చదువుకోమని అడ్డుపడింది నేనే. పొరపాటు నాదే.

ఆ ఫీజు డబ్బు వాడు వాయిదాల్లో తిరిగి పంపుతున్నాడు, ఇంకొకరికి ఇమ్మని. ఈ ఏడు ఇద్దరు అడిగారు. వాడి డబ్బు ఒకరికి సరిపోతుంది. రెండోవారి సంగతి మీ చేతుల్లో పెడుతున్నాను.